కాదనలేని మత్తయి

మత్తయి కుట్టుమిషనుకి నూనె వేసి, చక్రం రెండుసార్లు తిప్పి చూశాడు. ఉప్పలగుప్తం సెంటర్లో అరుగంత కొట్టు. బల్ల మీద జాకెట్లు గుట్టగా పడున్నాయి. అన్నీ "ఆయ్, రేపిచ్చేత్తానండి" అని ఆయన మాటిచ్చినవే.

పాపం, మోసగాడు కాడు. కాదంటే ఎదుటి మనిషి ముఖం చిన్నబోతుంది, అది చూడలేడు. ఔనంటే మర్నాడు ఎలాగూ చిన్నబోతుందనుకోండి, అది రేపటి సంగతి! అలా నలభై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. "మత్తయి మళ్ళీ ముంచేసేడు" అనని గుమ్మం ఊళ్ళో లేదు. వినీ వినీ ఆయనకీ అలవాటైపోయింది, ఒక్క భూలక్ష్మి విషయంలో తప్ప. పోయినేడు ఆమె కూతురి పెళ్ళికి జాకెట్టు అందించలేకపోయాడు. పీటల దగ్గర ఆవిడ వెలిసిపోయిన పాత జాకెట్టుతోనే నిలబడింది.

ఆ భూలక్ష్మే పొద్దున నీలంరంగు జాకెట్టు గుడ్డ పట్టుకొచ్చింది.

"రేపు బళ్ళో ఆయాగా చేరాలండి. యూనిఫాం లేకుండా రావద్దన్నారు. ఇంకో టైలరు వారం పడుద్దన్నాడు. సాయంత్రానికి అవుద్దాండీ? అవదంటే అవదని చెప్పెయ్యండి బాబూ, ఈసారి ముంచెయ్యకండి."

మత్తయి నోట "ఆయ్" రాలేదు. గుడ్డ అందుకుని టేపు తీశాడు.

ఆ రోజు ఇంకేదీ ముట్టలేదు. మధ్యాహ్నం ముత్యాలరాజు వచ్చి భార్య జాకెట్టు అడిగితే "ఈవేళ అవదండి" అన్నాడు. రాజుగారి ముఖం చిన్నబోయింది గానీ, మిన్నేం విరిగి మీద పడలేదు. ఓరినీ, ఇంతేనా అనుకున్నాడు మత్తయి. ముందే తెలిస్తే ఎంతమంది ఉసురు తప్పేదో!

పొద్దుటి నుంచీ ఎడమ రొమ్ములో నొప్పిగా ఉంది. గ్యాసే అనుకుని, అన్నం క్యారేజీ విప్పకుండానే కుట్టాడు. ఆవిడ ఒళ్ళు చేస్తే విప్పుకోడానికి పక్క కుట్ల లోపల రెండు వేళ్ళ గుడ్డ ఎక్కువే వదిలాడు. నాలుగింటికి హుక్కులు కుట్టడానికి కూర్చున్నాడు.

భూలక్ష్మి వచ్చేసరికి కొట్టు ముందు జనం మూగారు. మత్తయి మిషను మీదికి ఒరిగి కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు. నాడి చూసిన డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"అయ్యో, ఆఖరికి నిన్నూ ముంచేసే పోయేడమ్మా," అన్నాడు ముత్యాలరాజు జాలిగా.

"లేదండి," అంది భూలక్ష్మి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "నన్ను ముంచలేదండి."

ఆయన ఒళ్ళో నీలం జాకెట్టు ఉంది. అయిదు హుక్కులు గట్టిగా కుట్టి ఉన్నాయి. ఆరోదాని దగ్గర, తెంపని దారానికి సూది వేలాడుతోంది.