ఎర్ర టేపు గది

వాచీ విప్పింది. ఫోను తీసింది. రెండింటినీ గది బయట బల్ల మీదున్న బిస్కెట్ల డబ్బాలో పడేసి మూత నొక్కింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ గదిలోకి వెళ్ళే ముందు ఆమె చేస్తున్న పని ఇదే. మొదట్లో ఫోనుకు బదులు ఫ్లాపీలుండేవి, అంతే తేడా. లోపల మూడు కంప్యూటర్లు. ఒక్కదానికీ బయటి నెట్‌వర్కుతో సంబంధం లేదు. గోడలోంచి వచ్చిన తీగను ఆమే కత్తెరతో కత్తిరించింది, ఆ ముక్క ఇప్పటికీ వేలాడుతోంది. మూడింటి మీదా ఎర్ర టేపు. ఎర్ర టేపు పడ్డ వస్తువేదైనా మళ్ళీ ఆఫీసులోకి అడుగుపెట్టకూడదు. ఆ గదికున్న చట్టం అదొక్కటే.

జనం పంపే వైరస్‌లను అక్కడ విప్పి చూసి విరుగుడు రాయడం ఆమె ఉద్యోగం. ఎదురుగా అక్కా అని పిలిచేవాళ్ళు వెనకాల పురుగులక్క అంటారని ఆమెకు తెలుసు. యాభై ఏడేళ్ళ పొట్టి మనిషి. ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, ఎప్పుడూ ముక్కు మీదే ఉండే కోపం.

నిన్న సాయంత్రం ఒక రక్తపరీక్షల కేంద్రం నుంచి వచ్చిన వైరస్ గుట్టు ఇవాళ పది గంటలకల్లా తెలిసిపోయింది. ఆసుపత్రుల కంప్యూటర్లలో దూరి నోరు మూసుకుని కూర్చుంటుంది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు కాగానే లేచి, ఎవరిది ఏ రక్తమో, ఎవరికి ఏ మందు పడదో, అన్నీ తుడిచిపారేస్తుంది. ఇవాళ బుధవారం.

"నీ మొహం మండ," అంది తెరతో.

ఆమె చేరిన కొత్తలో ఇలాంటివి కుర్రకారు సరదాకి రాసేవాళ్ళు. తెర మీద అక్షరాలు రాలిపడేవి, లేదంటే ఓ బూతుమాట కనపడేది. తిడుతూనే ఆమె నవ్వుకునేది. దీన్ని రాసినవాడికి సరదా లేదు, సిగ్గూ లేదు. పదకొండుకల్లా విరుగుడు రాసి పైకి కబురు పెట్టింది.

ఈ పనిలో పాతవాళ్ళకో మాట ఉంది. కొత్త వైరస్ ఎవరికి దొరికినా ఆ రోజు పొద్దుగూకేలోపు మిగతా కంపెనీల వాళ్ళకు అందాలి. అమ్మకాల్లో ఎంతైనా కొట్టుకోవచ్చు, ఇక్కడ కాదు. డిస్కులు పోస్టులో పంపే వ్యవధి లేకపోతే ఫోనులో ఆనవాలు చదివి వినిపించేవారు. వైరస్ కడుపులోంచి తీసిన పదహారు జతల అంకెలూ అక్షరాలూ. ఆ వరుస చేతిలో ఉంటే దాన్ని ఎవరైనా పట్టుకోగలరు. అప్పట్లో మాటకు కట్టుబడ్డవాళ్ళు ఏడుగురు. ఇప్పుడు ఆమె కాక ముగ్గురు మిగిలారు.

బాసే స్వయంగా గదికి వచ్చాడు. డబ్బా వంక చూడనైనా లేదు.

"అద్భుతం మేడమ్! మన కస్టమర్లకు విరుగుడు ఇప్పుడే పంపించేస్తాం. బయట మాత్రం ఎవరికీ చెప్పొద్దు. శుక్రవారం పన్నెండింటికి సదస్సులో నేనే ప్రకటిస్తా. అది లేచేదీ అప్పుడేగా. ఎంత బాగా కుదిరిందో చూడండి!"

"మన కస్టమర్లు కాని ఆసుపత్రుల సంగతి?"

"శనివారానికి వాళ్ళూ మన కస్టమర్లే."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడే చూసింది. మాటల్లో పడి అతను ఎర్ర టేపు కంప్యూటరుకున్న తీగ తీసి తన ఫోనుకు గుచ్చాడు. ఛార్జింగుకట!

"బుద్ధుందా మీకు? పీకండి ముందు!" అని తనే పీకేసి, ఫోను వీపున ఎర్ర టేపు ముక్క అంటించింది. "ఇదిక ఆఫీసులోకి వెళ్ళకూడదు. డబ్బాలో పెట్టండి."

అతను నవ్వి, గోటితో టేపు ఒలిచి బయట బల్ల అంచుకి అంటించాడు. ఫోను జేబులో వేసుకున్నాడు. "మరీ చాదస్తం మేడమ్ మీకు. అన్నట్టు, విషయం బయటికి పొక్కితే ఉద్యోగం పోతుంది. సంతకం పెట్టారు, గుర్తుందిగా?"

భోజనాల వేళ డబ్బాలోంచి ఫోను తీసింది. చెల్లెలు ఆసుపత్రిలో నర్సు, రోజూ ఆ టైముకి మాట్లాడుతుంది.

"తిన్నావా అక్కా?"

"మీ కంప్యూటర్లలో వైరస్ మందు ఎవరిదే?"

"మీది కాదులే. పోయినేడు మార్చేశారుగా. ఏం, ఏమైంది?"

శుక్రవారం అన్నీ కాగితం మీద రాసుకోండి అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆగిపోయింది. చెల్లెలొక్కదానికే చెప్పి ఊరుకుంటే ఆ బాసుకీ తనకీ తేడా ఏముంది? అతనికి తన కస్టమర్లు, తనకు తన చెల్లెలు!

"ఏం లేదు. సాయంత్రం చెప్తా," అని పెట్టేసింది.

ఫోను మళ్ళీ డబ్బాలో పెట్టి, లోపలికి వెళ్ళి పదహారు జతలూ చీటీ మీద రాసుకుంది. బయటికొచ్చి ఫోను తీసి, బాసు అద్దాల గదికి ఎదురుగా నిలబడి మీసాలాయనకు ఫోను చేసింది. పోటీ కంపెనీలో ఇలాంటి గదే చూసుకునే మనిషి, మిగిలిన ముగ్గురిలో ఒకడు.

"రాసుకో."

ఎందుకని అతను అడగలేదు. పెన్ను మూత ఊడిన చప్పుడు వినిపించింది. "చెప్పక్కా."

"ఇంగ్లీషు ఈ, ఎనిమిది. సున్నా సున్నా. ఐదు డీ..." కావాలనే గట్టిగా చదివింది. బల్లల దగ్గర తలలు లేచాయి. ఎనిమిదో జత దగ్గర అద్దాల తలుపు తెరుచుకుంది.

"ఎవరితో మేడమ్? ఆపండి!"

"బీ నాలుగు. సున్నా తొమ్మిది."

అతను ఫోను లాక్కోవడానికి చెయ్యి చాపాడు.

"చెయ్యి వేశావంటే ఊరుకోను," అంది. అతన్ని నువ్వు అనడం అదే మొదలు. చెయ్యి వెనక్కి వెళ్ళింది. పదహారూ పూర్తిచేసి, "తిరిగి చదువు," అంది ఫోనులో.

మీసాలాయన చదివాడు. ఒక్కటీ తప్పు పోలేదు.

"ఆసుపత్రులు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు. మిగతా ఇద్దరికీ నువ్వే చెప్పు."

"ఇప్పుడే చెప్తా. మరి నీ సంగతో?"

"దాని మాట వదిలెయ్."

"రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు బాసు. మొహం కందగడ్డలా ఉంది.

"రేపటిదాకా దేనికి?" అంది ఆమె.

మూడు కంప్యూటర్లూ ఆపింది. విప్పని క్యారేజీ సంచిలో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దిగులు కాదు, ఒట్టి కోపం. ఒక్కరోజైనా ఆ డబ్బాలో ఫోను పెట్టనివాడు ఇరవై తొమ్మిదేళ్ళు చాకిరీ చేసిన తనను పొమ్మన్నాడు! వెళ్ళొస్తానని ఎవరికీ చెప్పలేదు. ఎవరూ తలెత్తలేదు కూడా. కీబోర్డులు మాత్రం మామూలుకన్నా గట్టిగా మోగుతున్నాయి.

డబ్బా తెరిచి వాచీ కట్టుకుంది, ఫోను తీసుకుంది. మెడలో కార్డు తీసింది. బల్ల అంచున బాసు అంటించిపోయిన టేపు ముక్క ఇంకా అక్కడే ఉంది. దాన్ని ఒలిచి, జిగురు పోలేదని వేలితో చూసుకుంది. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మూత తెరిచి ఉన్న బిస్కెట్ల డబ్బాలో ఆమె గుర్తింపు కార్డు, ఇరవై ఎనిమిదేళ్ళ వయసప్పటి ఫోటోలోని ఆ కోపపు మొహం మీద అడ్డంగా ఎర్ర టేపు.