పైభాగం దెబ్బ

టార్న్‌బీలో ఎవరైనా ఐస్ హాకీ మొహం మొత్తిందంటే, పాపం ఒంట్లో బాగాలేదేమో అనుకుంటారు. అందుకే ఓరెస్ట్ హావ్రిలుక్ ఆ మాట ఎవరి దగ్గరా అనలేదు. నలభై ఒక్క చలికాలాలు సొంత జట్టు బైసన్స్ బెంచీ వెనక, మూడో వరసలో, అదే కుర్చీలో కూర్చున్న మనిషి అతను. తెలియక ఎవరైనా అందులో కూర్చుంటే పక్కవాళ్లే లేపి పంపించేవారు. అలాంటివాడు ఈ నవంబరులో ఆట సగం కాకముందే గోడ గడియారం వంక చూడడం మొదలుపెట్టాడు. బైసన్స్ గోల్ కొట్టినప్పుడు అందరితోపాటు లేచాడు గానీ, లేచింది మోకాళ్లే. మనసు కుర్చీలోనే ఉండిపోయింది.

డిసెంబరుకల్లా ఆదివారం మధ్యాహ్నం ఆటలు ఎగ్గొట్టేశాడు. కెమెరా కోటు లోపల పెట్టుకుని, పికప్ ట్రక్కులో ఊరికి పడమరగా గడ్డకట్టిన చెరువు దగ్గరికి వెళ్లేవాడు. ఆ చలికి బ్యాటరీ పది నిమిషాల్లో చచ్చిపోతుంది కాబట్టి రెండో బ్యాటరీ చంకలో పెట్టుకునేవాడు. మంచు మీద బోర్లా పడుకుని, గడ్డం గడ్డకడుతుంటే, ఎండిన రెల్లు వెనక సూర్యుడు దిగేదాకా ఎదురుచూసేవాడు. తెల్లటి నేలంతా ముందు గులాబీ రంగులోకి, తర్వాత పండిన రేగుపండు రంగులోకి తిరిగేది. అప్పుడు అరవై ఏడేళ్ల ఓరెస్ట్‌కి పట్టరాని సంతోషం కలిగేది. అక్కడ గెలిచేవాడూ లేడు, ఓడేవాడూ లేడు, ఎవడికీ దెబ్బ తగలదు. బాగా వచ్చిన బొమ్మలు అచ్చు వేయించి గోడకి అంటించేవాడు. ఒక్కొక్కటి కవర్లో పెట్టి మానిటోబా రాష్ట్రంలో ఒక ఇంటికి పంపేవాడు.

"ఏరా ఓరెస్ట్, సూర్యుడు రోజూ మునిగేవాడేగా, అందులో చూసేదేముందిరా?" అని కాఫీ కొట్లో లాయిడ్ ఏడిపించేవాడు. లాయిడ్ ఊరి ఐసు మైదానం, అదే రింక్, కమిటీకి పెద్ద, చిన్ననాటి స్నేహితుడు.

"మన బైసన్స్ కూడా మునుగుతూనే ఉన్నారు, నువ్వు చూడట్లా?" అనేవాడు ఓరెస్ట్. అందరూ నవ్వేవారు, మాట అక్కడితో ఆగిపోయేది.

ఫిబ్రవరి చివర్లో ఆ లాయిడే ఇంటికొచ్చాడు. ఓరెస్ట్ భార్య స్టెఫానియా పెట్టిన పైరోగీ కుడుములు ఎనిమిది మింగాక అసలు సంగతి బయటపెట్టాడు. "ప్లేఆఫ్స్ మొదటి రోజు మన కోల్టన్ జెర్సీని గౌరవంగా రింక్ పైకప్పుకి ఎత్తి వేలాడదీస్తున్నాం. వాళ్ల అక్క వాణ్ణి తీసుకొస్తానంది. వాడు రెండేళ్లు మీ ఇంట్లోనే తిని, మీ ఇంట్లోనే పడుకున్నాడు. నువ్వు కాక ఇంకెవరు మాట్లాడతార్రా?"

ఓరెస్ట్ గోడ మీది చెరువు బొమ్మల వంక చూశాడు. మానిటోబాలోని ఆ ఇల్లు కోల్టన్‌దే.

జట్టులోకి వచ్చే పరాయి ఊరి కుర్రాళ్లు ఊళ్లో ఇళ్లల్లో ఉంటారు. కోల్టన్ పద్దెనిమిదేళ్లప్పుడు ఒక సంచీ, నాలుగు హాకీ కర్రలతో వీళ్ల గుమ్మం ఎక్కాడు. జట్టులో వాడి పని గోల్ కొట్టడం కాదు, కొట్టుకోవడం. మనవాళ్ల జోలికొచ్చిన వాణ్ణల్లా పట్టుకుని బాదేవాడు. ఇంటికొచ్చి పిల్లిలా ఒదిగి గిన్నెలు తుడిచిపెట్టేవాడు. ఉక్రేనియన్ ఇళ్లల్లో తాతని పిలిచినట్టు ఓరెస్ట్‌ని "గీదో" అని పిలిచేవాడు. పిల్లల్లేని ఇంట్లో ఆ పిలుపు ఎంత తియ్యగా ఉంటుందో వేరే చెప్పాలా!

ప్లేఆఫ్స్ వస్తే ఊరంతా ఒక్క కట్టుబాటు మీద ఉంటుంది. ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలినా "పైభాగం" అనో "కింది భాగం" అనో అంటారు తప్ప అంతకు మించి ఒక్క ముక్క పెగలదు. అసలు చోటు తెలిస్తే అవతలివాళ్లు వెతికి మరీ అక్కడే కొడతారు. కాఫీ కొట్లో ముసలమ్మలు తమ కీళ్ల నొప్పుల్ని కూడా ఆ నెలంతా కింది భాగమనే చెప్పుకునేవారు. కోల్టన్ వచ్చిన రెండో ఏడు, అంటే పద్నాలుగేళ్ల కిందట, వాడి తలకి దెబ్బ తగిలింది. రెండు రోజులు వాంతులు చేసుకున్నాడు, వంటింటి దీపం కూడా భరించలేకపోయాడు. పక్క ఊరి డాక్టరు ఓరెస్ట్ ఇంటికి ఫోన్ చేసి, "రెండు వారాలు ఐసు మీద కాలు పెట్టకూడదు, కోచ్‌కి చెప్పండి" అన్నాడు. అరగంట తర్వాత కోచ్ ఫోన్ చేశాడు.

"పైభాగం," అన్నాడు ఓరెస్ట్. "ఏం ఫర్వాలేదు, ఆడొచ్చన్నాడు డాక్టరు."

చెడ్డ బుద్ధితో అనలేదు. సెమీఫైనల్ అంటే అంత వెర్రి. మూడో రోజు కొట్లాటలో కోల్టన్ హెల్మెట్ ఊడిపోయి, వెనక్కి పడి, తల ఐసుకి కొట్టుకుంది. ఆ చప్పుడు మూడో వరస దాకా వినపడింది. ఇప్పుడు వాడికి ముప్పై మూడేళ్లు. తెరలు మూసిన గదిలో ఉంటాడు. పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండదు.

లాయిడ్ వెళ్లాక ఓరెస్ట్ ఆ ఫోన్ సంగతి మొదటిసారి భార్యకి చెప్పాడు. స్టెఫానియా చాలాసేపు పిండి గిన్నె కడుగుతూనే ఉంది.

"వాడికి చెప్పు," అంది చివరికి. "తిడితే తిట్టించుకో. అంతేగానీ నీ బరువు వాడి నెత్తికెత్తి హాయిగా నిద్రపోదామనుకోకు."

మార్చిలో, ప్లేఆఫ్స్ మొదటి రోజు, సూర్యాస్తమయం ఏడింటికి, ఆట ఏడున్నరకి. ఓరెస్ట్ ఆరింటికే అక్కాతమ్ముళ్లు దిగిన మోటల్‌కి వెళ్లి కోల్టన్‌ని ట్రక్కెక్కించుకున్నాడు. మనిషి లావెక్కాడు. కళ్లకి నల్లద్దాలు, చెవుల్లో రబ్బరు బిరడాలు.

"గీదో, నువ్వు పంపిన బొమ్మల్లో చెరువు ఎక్కడ?" అన్నాడు.

ఓరెస్ట్ బండి అటే తిప్పాడు. సూర్యుడు రెల్లులోకి దిగాక కోల్టన్ ట్రక్కులోనే కూర్చుని మెల్లగా నల్లద్దాలు తీశాడు. "దీన్ని చూడగలను," అన్నాడు చిన్నపిల్లాడిలా. "ఇది గుచ్చుకోదు." కెమెరా అందుకుని తనే ఒక ఫొటో తీశాడు. ఓరెస్ట్ అతని చేయి కింద తన చేయి ఆనించి కెమెరా కదలకుండా పట్టుకున్నాడు. ఆ కాసేపూ ఇద్దరూ నిజంగా సంతోషంగా ఉన్నారు. అది చెడగొట్టడానికి ఓరెస్ట్‌కి మనసొప్పలేదు, అయినా నోరు తెరిచాడు. డాక్టరు ఏమన్నాడో, తను కోచ్‌కి ఏం చెప్పాడో, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు.

"నాకు తెలుసు," అన్నాడు కోల్టన్. "మెట్ల మీద కూర్చుని విన్నా. చాలా మర్చిపోయా గానీ అది మర్చిపోలా. మా నాన్నయితే బుద్ధిగా ఇంటికి రమ్మనేవాడు. నువ్వు నాకోసం అబద్ధమాడావు గీదో! నా జన్మలో అంత సంతోషపడ్డ రోజు లేదు."

తిట్టినా బాగుండేది. ఓరెస్ట్ స్టీరింగ్ పట్టుకుని ఏడ్చాడు. కోల్టన్ అతని వీపు నిమిరి, "పద పద, ఆట మొదలైపోద్ది," అన్నాడు.

దారి పొడవునా ఓరెస్ట్ ఒకటే అనుకున్నాడు. వీడికి కోపం రాకపోతే ఊరికైనా రావాలి. రింక్ మధ్యలో ఎర్ర తివాచీ పరిచారు. మైకు ముందు అతనూ, పక్కనే కోల్టన్. జేబులో రాసుకొచ్చిన కాగితం బయటికి తీయనే లేదు.

"వీణ్ణి ఆడించొద్దని డాక్టరు నాకు చెప్పాడు," అన్నాడు ఓరెస్ట్. "నేను కోచ్‌తో అబద్ధం చెప్పాను. వీడి బతుకు పాడుచేసింది నేను."

కోల్టన్ మైకు మీదికి వంగాడు. "నేనైనా అదే చెప్పేవాణ్ణి! ఆడాలనుంది, ఆడా!" అని పిడికిలి పైకెత్తాడు.

పై వరసలోంచి ఎవరో, "అదీ బైసన్ అంటే!" అని అరిచారు. అంతే, పన్నెండు వందల మందీ లేచి నిలబడ్డారు. చప్పట్లు, ఈలలు, కాళ్లతో చెక్కల మీద తన్నులు. ఆ హోరుకి కోల్టన్ రెండు చేతులతో చెవులు మూసుకుని నవ్వుతున్నాడు. జెర్సీ పైకప్పుకి ఎక్కుతోంది.

లాయిడ్ కళ్లు తుడుచుకుంటూ వచ్చి కౌగిలించుకున్నాడు. "ఇంత గొప్పగా ఇంతవరకూ ఎవరూ మాట్లాడలేదురా."

"నేను చెప్పింది విన్నావా?"

"విన్నానురా. ఊరంతా వింది."

ఓరెస్ట్ గుంపులో స్టెఫానియా కోసం చూశాడు. ఆమె ఒక్కతే కూర్చుని ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. బెంచీ దగ్గర బైసన్స్ కుర్రాళ్లు వరసగా నిలబడి, మెచ్చుకోలుగా కర్రలతో అడ్డగోడని టకటకా కొడుతున్నారు. చివర్లో ఒకడు కళ్లు చికిలించుకుని, దీపాల వైపు చూడలేక తల వంచుకుని కొడుతున్నాడు. ఓరెస్ట్ వాడి వైపు రెండడుగులు వేసి, "ఏమైందిరా నీకు?" అని అడిగాడు.

"పైభాగం, సార్," అన్నాడు కుర్రాడు, గర్వంగా.