సారుగారి జంట సేవ

దేవదానం సారు సంఘం మారింది దేవుడి మీద ప్రేమతో కాదు, ఓట్లు పడలేదన్న కోపంతో. కర్నూలులో ఆయన పుట్టి పెరిగిన చర్చిలో కమిటీ ఎన్నికలు జరిగాయి. సారు కార్యదర్శి పదవికి నిలబడ్డాడు. తన దగ్గర ఎనిమిదో తరగతి చదివి తప్పినవాడి చేతిలో పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. రిటైరైన హెడ్మాస్టరుకు అంతకన్నా తలవంపు ఏముంటుంది? ఆ ఆదివారం నుంచే ఆ చర్చిలో వాక్యం లేదన్నాడు, పాటల్లో పస లేదన్నాడు, పాస్టరుకు వ్యాకరణం రాదన్నాడు. తర్వాత హైదరాబాదులో కూతురింటికి వెళ్లినప్పుడు తెల్లచొక్కాలు, నల్లటైలు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్లు వచ్చి తలుపు తట్టారు. వాళ్లు చెప్పాల్సింది పోయి, సారు చెప్పిందే రెండు గంటలు కదలకుండా విన్నారు. ముప్పై ఐదేళ్ల సర్వీసులో ఏ క్లాసూ ఆయన మాట అంతసేపు విన్న పాపాన పోలేదు. ఇదే అసలైన సంఘమని సారుకు అప్పుడే రూఢి అయిపోయింది.

ఇది ఆయన భార్య రాములమ్మ అభిప్రాయం. ఆమె దాన్ని ఎవరితోనూ అనలేదు. బాప్తిస్మానికి ఆయన నీళ్లలో మునిగాడు, ఆమె కూడా మునిగింది. నలభై ఒక్క ఏళ్లుగా కాపురం అలాగే నడుస్తోంది. ఆయన సంజామలకు బదిలీ అయితే సంజామల, జూపాడు బంగ్లాకు అయితే జూపాడు బంగ్లా. ఆమె సామాన్లు సర్దేది, ఆయన లారీ వాడి మీద కేకలేసేవాడు.

జనం మార్మన్లు అని పిలిచే, అమెరికాలో పుట్టిన ఆ క్రైస్తవ సంఘంలో ఒక పద్ధతి ఉంది. వయసు మళ్లిన దంపతులు సొంత ఖర్చులతో, సంఘం చెప్పిన చోట ఏడాదిన్నర ఉండి సేవ చేస్తారు. సారుకు ఆ పిలుపు వచ్చింది. ఫోనులో వచ్చిన ఉత్తరాన్ని ఆయన ప్రింటు తీయించి, ల్యామినేషన్ చేయించి, కళ్లజోడు తుడుచుకుని మరీ పైకి చదివాడు. రాములమ్మ బియ్యంలో రాళ్లేరుతూ వింటోంది. మోకాళ్లు నొప్పులని, ఎక్కడికీ రాలేనని చెప్పడానికి ఆమె సిద్ధంగా ఉంది. "నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం" అని చదవగానే చేట మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

"పోదాం సారూ," అంది.

ఇది తన ప్రార్థన ఫలితమని సారు మూడు ఊళ్లలో సాక్ష్యం చెప్పుకున్నాడు. చెప్పుకోనీ. రాములమ్మకు కావలసింది ఆయన దేవుడూ కాదు, ఆయన సేవా కాదు. ఆళ్లగడ్డలో ఆమె చెల్లెలు చెన్నమ్మ ఉంది. ముప్పై ఏళ్ల కిందట చెన్నమ్మ పరుపులు కుట్టే కరీముల్లాను పెళ్లి చేసుకుంది. ఆ వార్త తెలిసిన రోజు సారు అన్నం ముందు నుంచి లేచి, "ఆ గడప తొక్కితే మళ్లీ ఈ గడప తొక్కేది లేదు" అని తీర్పు చెప్పి చేతులు కడుక్కున్నాడు. అంతే. అమ్మానాన్నలు పోయారు, పిన్నమ్మలు పోయారు. రాములమ్మకు తోబుట్టువంటూ మిగిలింది ఆ ఒక్కతే. చచ్చేలోగా ఒక్కసారి చూడాలి, చూసి దాని చేయి పట్టుకోవాలి. నంద్యాలకు ఆమె సామాన్లు సర్దింది అందుకే.

సేవకు వచ్చిన జంట ఒకరినొకరు విడిచి ఉండకూడదన్నది అక్కడి నియమం. ఇది సారుకు పెద్ద పరీక్ష అయిపోయింది. పెళ్లైన దగ్గర నుంచి ఆయన ముందు పది అడుగులు వేస్తే ఈమె వెనక నడిచేది. ఇప్పుడు నంద్యాల మెయిన్ రోడ్డులో, మే నెల ఎండలో, టై కట్టుకుని, జేబుకు నల్లటి పేరు బిళ్ల తగిలించుకుని భార్య పక్కన నడవాల్సి వచ్చింది. పైగా నలుగురిలో ఆమెను 'సిస్టర్' అని పిలవాలి. నలభై ఒక్క ఏళ్లు 'ఏమే' తప్ప మరో పిలుపు ఎరగని నోరు! మొదటి వారమంతా ఆయన 'ఏమే సిస్టర్' అనేవాడు.

ఇంకో నియమం ఇంకా ముచ్చటైనది. వారానికోసారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఎదుటివాళ్లలో దిద్దుకోవలసినవి ప్రేమతో చెప్పుకోవాలి. సారు దానికి రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాడు. మొదటి వారమే పద్నాలుగు అంశాలు వచ్చాయి. ప్రార్థనలో ఆవులించడం. పాఠం మధ్యలో ఇంటావిడను బీరకాయల ధర అడగడం. సాక్ష్యం చెప్పేటప్పుడు కొంగు నలపడం. అన్నీ చదివి, నంబరు నంబరుకూ వివరణ ఇచ్చి, చివరికి, "ఇప్పుడు నువ్వు చెప్పు, నిర్భయంగా చెప్పు" అన్నాడు. పరీక్ష హాల్లో పిల్లలను కూడా ఆయన ఇలాగే ధైర్యంగా ఉండమనేవాడు.

రాములమ్మ గొంతు దాకా ఒక్క మాట వచ్చేది. నన్ను చెన్నమ్మ దగ్గరికి తీసుకుపోండి. ఆ మాటను మింగి, "మీలో ఏముంటాయి సారూ" అనేది. ఆయన తలాడించి, లోపాలు లేవు అని రాసుకుని కింద తారీకు వేసేవాడు. ఎనిమిది వారాలు ఇదే తంతు.

మూడో నెలకు సారు సేవ ఫలితం తొమ్మిది మంది. అద్దెకు తీసుకున్న మేడగదిలో ఆదివారం కూర్చునే ఆ తొమ్మిది మందిలో నలుగురు ఇంటి ఓనరు కుటుంబం. గదిలో కూలరు ఉంది కాబట్టి వచ్చేవాళ్లు. సారు మాత్రం పైవాళ్లకు పంపే నివేదికలో ప్రజల్లో ఆసక్తి వెల్లువెత్తుతోందని రాశాడు. ఆ వెల్లువలో ముసలాయన ఒకడు గురక పెట్టేవాడు.

ఆ నెలలోనే ఆళ్లగడ్డ నుంచి ఫోన్ వచ్చింది. ఎడ్విన్ అని, సెల్ ఫోన్లు రిపేరు చేసే మనిషి. ఇంటికొచ్చి పాఠం చెప్పమన్నాడు. బస్సులో సారు పాఠం నెమరు వేసుకుంటుంటే రాములమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఊరి మొదట్లో శిల్పాలు చెక్కేవాళ్ల ఉలి చప్పుళ్లు వినపడగానే ఆమె సీటు అంచుకు జరిగి కూర్చుంది.

ఎడ్విన్ ఇంట్లో ఆయన భార్య బ్లెస్సీ పళ్లెంలో టీ గ్లాసులు తెచ్చింది. సారు చేయి అడ్డం పెట్టి, తమ సంఘంలో టీ నిషిద్ధమని, అది శరీరానికి, ఆత్మకు చేసే కీడు గురించి పది నిమిషాలు చెప్పాడు. నిన్న మొన్నటి దాకా రోజుకు ఆరు గ్లాసులు తాగి, ఏడోది ఆలస్యమైతే గిన్నెలు విసిరిన మనిషి. బ్లెస్సీ పాపం తప్పు చేసినదానిలా గ్లాసులు లోపలికి తీసుకుపోయింది. రాములమ్మకు ఆ పిల్ల ముఖం చూస్తే జాలి, ఈయన ముఖం చూస్తే ఒళ్లుమంట.

తర్వాత అసలు పాఠం. తల్లీ, తండ్రీ, పిల్లలూ తెల్లబట్టల్లో నవ్వుతున్న బొమ్మ తీసి టేబుల్ మీద పెట్టాడు. కుటుంబ బంధం మరణంతో తెగేది కాదన్నాడు. దేవుడు కలిపిన రక్తసంబంధాన్ని ఏ శక్తీ విడదీయలేదన్నాడు. గొంతు కూడా కొంచెం వణికించాడు.

ఎడ్విన్ శ్రద్ధగా విని, "అంటే సార్, పైకి పోయినాక గూడా మా అత్త మాతోనే ఉంటాదా?" అని అడిగాడు. లోపల బ్లెస్సీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు గట్టిగా వినిపించింది.

సారు ఆ ప్రశ్నను దాటేసి, "ఇప్పుడు మా సిస్టర్ కుటుంబం గురించి తన సాక్ష్యం చెప్తుంది" అన్నాడు. ఆమె సాక్ష్యం మూడు వాక్యాలు. మూడూ సారు రాసిచ్చినవే. రాములమ్మ లేచి నిలబడింది. ఆ బొమ్మ వంక చూసింది. మూడు వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"నాకొక చెల్లెలుంది," అంది. "ఈ ఊర్లోనే ఉంది. పరుపుల కరీముల్లా పెండ్లాము. ముప్పై ఏండ్లాయె నేను దాన్ని సూడక."

సారు దగ్గాడు. ఎడ్విన్ ముందుకు వంగాడు. "పాత బస్టాండు ఎనక సందులో ఉండే కరీముల్లానా అమ్మా? ఆయప్ప పోయి నాలుగేండ్లాయె గదా. కరోనాలో పాయె. మీకు తెలీదా?"

రాములమ్మ సారు వైపు తిరిగింది. ఆయన బొమ్మను కవర్లో పెట్టుకుంటున్నాడు. ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు. జవాబు తప్పని తెలిసీ పేపరు ఇచ్చేసిన పిల్లవాడి ముఖం అది. ఈయనకు తెలుసు. అప్పుడే తెలుసు.

ఆమె చెప్పులు వేసుకుని బయటపడింది. సారు సంచీ సర్దుకుని వెంటపడ్డాడు. నియమం ప్రకారం వెంటపడక తప్పదు.

"ఏమే, నిలబడు. ఆ కాలంలో ఎవురు యాడికి పోయినారు చెప్పు? మీ చెల్లెలు ఫోన్ చేసింది నిజమే. నేనే ఎత్తినా. చెప్తే నువ్వు పోతానంటావని చెప్పలేదు. నీ మంచికే."

"ఈ నోటితోనా సారూ ఆడ కూచొని రక్తసంబంధం అంటాండావు? సిగ్గు లేదా నీకు?"

ఆయన్ను ఆమె 'నువ్వు' అనడం అదే మొదటిసారి. సారు సంచీని గుండెలకు హత్తుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ ముఖం చూస్తే రాములమ్మకు జాలి కలగలేదు సరికదా, ఇన్నాళ్లూ దీనికా నేను భయపడింది అని అసహ్యం వేసింది. సందు మలుపులో బట్టలు ఉతుకుతున్న ఆవిడను ఇల్లడిగింది. నీలం రంగు తలుపని చెప్పిందామె. సారు ఆ తలుపు ఎదురుగా, గోడ నీడ లేని చోట ఆగిపోయాడు. రాములమ్మ ఆయన కోసం చూడకుండా గడప దాటింది.

వసారాలో ఒకావిడ కింద కూర్చుని పెద్ద సూదితో పరుపు అంచు కుడుతోంది. జుట్టు సగం నెరిసింది. చేతులకు దూది అంటుకుని ఉంది. తలెత్తి చూసింది, లేవలేదు.

"నేను, చెన్నీ."

"తెలిసిందిలే. ఆ బిళ్ల ఏందీ? నాకు వాక్యం సెప్పను వచ్చినావా?"

"నిన్ను సూడను వచ్చినా." ముప్పై ఏళ్లుగా దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. "సారు నన్ను రానీలేదు చెన్నీ. గడప తొక్కితే ఇంట్లోకి రావద్దనె. కరీముల్లా పోయినప్పుడు నువ్వు ఫోన్ చేసినావంట, నాతో అననేలేదు. ఇప్పుడే తెలిసింది నాకు. మనిషి కాదు సెల్లీ ఆయన. బయట నిలబడినాడు సూడు, లోపలికి వచ్చే మొగం లేదు."

చెన్నమ్మ కూడా నాలుగు మాటలు కలుపుతుందనుకుంది. ఇద్దరూ కలిసి ఆ మనిషిని కడుపు నిండా తిట్టుకుంటారని, తిట్టుకుని ఏడుస్తారని, ఏడ్చాక చెల్లెలు తన చేయి పట్టుకుంటుందని అనుకుంది. బస్సులో ఆమె చూసుకున్న దృశ్యం అదే.

చెన్నమ్మ దారం పళ్లతో కొరికింది. సూదిలోకి కొత్త దారం ఎక్కించింది.

"సారు సంగతి నాకు ఎరికే," అంది. "ఆయప్ప నాకేమయితాడు? నీ మొగుడు. ఆయప్ప నన్ను ఒద్దనుకుంటే నాకేమీ నొప్పి లేదు." దారం ముడి వేసి లాగింది. "మహాలక్ష్మి టీచరు గుర్తుందా నీకు?"

గుర్తుంది. సంజామలలో పక్కింట్లో ఉండేది. సాయంత్రాలు ఇద్దరూ వాకిట్లో కూర్చుని కూరగాయలు తరుక్కునేవాళ్లు.

"ఆమె బదిలీ అయి ఈ ఊరికొచ్చె. పరుపు కుట్టించుకునేకి మా ఇంటికొచ్చె. సంజామల అనంగానే నాకు పానం లేచొచ్చినట్లాయె. మాయక్కను సూసినావా తల్లీ, హెడ్మాస్టరు పెండ్లాము, ఎట్లుంది అని అడిగితి. ఆమె నా మొగం అట్లే సూసె. 'ఆమెకు తోడబుట్టినోళ్లు ఎవురూ లేరంట గదమ్మా, ఆమే చెప్పింది నాకు' అనె."

వీధిలోంచి సారు దగ్గు వినిపించింది.

రాములమ్మకు ఆ సాయంత్రం కళ్లకు కట్టింది. ఒళ్లో పళ్లెం, పళ్లెంలో చిక్కుడుకాయలు. ఆ టీచరు ఏదో మాటవరసకు అడిగింది, మీకు అక్కచెల్లెళ్లు ఎంతమంది అని. ఎవరూ లేరు. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో, వచ్చాక ఎంత హాయిగా అనిపించిందో కూడా గుర్తుకొచ్చింది. ఒక్క మాటతో సాయిబుల ఇంటికి పోయిన చెల్లెలి గురించి చెప్పుకోవలసిన పని తప్పిపోయింది. మళ్లీ చిక్కుడుకాయలు ఒలుచుకుంది.

చెన్నమ్మ మొదటిసారి సూది ఆపి అక్క కళ్లలోకి చూసింది. "ఆ మాట నువ్వు అన్నప్పుడు సారు నీ పక్కన ఉన్యాడా?"

రాములమ్మ మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా నేల మీద కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు.

"లేడు చెన్నీ," అంది. "సారు బడికి పోయినాడు. ఆ మాట నేనే అంటి."