కుడి కాలి తొడుగు

మా ఆయన హెక్ యుద్ధం నుంచి తెచ్చుకున్నది ఒకే ఒక్క వస్తువు, కుడి కాలి తొడుగు. మోకాలి కింది నుంచి చీలమండ దాకా దళసరి తోలు, బయటి పక్క పొడవునా ఇనుప పట్టీ, మూడు బకిల్సు. ఫిరంగి బళ్లు లాగే గుర్రాలు జతలుగా నడుస్తాయి. రౌతు ఎడమ గుర్రం ఎక్కి, కుడి గుర్రాన్ని పక్కనే నడిపించుకుపోతాడు. రెండింటి మధ్యా పడి అతని కుడి కాలు నలిగిపోకుండా ఆ తొడుగు. ఎడమ కాలికి ఏమీ ఉండదు. "మీ దొరలు సగం మనిషికే కాపలా పెట్టారా?" అని పెళ్లయిన కొత్తలో ఏడిపించేదాన్ని. హెక్ నవ్వేవాడు కాదు.

ఆ తొడుగంటే నాకు ప్రాణం. కారణం మా అన్నయ్య క్లెమ్. ఇద్దరిదీ ఒకే ఫిరంగి దళం. ఫ్లాండర్స్ యుద్ధరంగంలో అన్నయ్య పిక్కలో గుండు ముక్క దిగితే, హెక్ తన కుడి గుర్రం మీద కూర్చోబెట్టుకుని వైద్య శిబిరానికి చేర్చాడు. ఆ సాయంత్రమే అన్నయ్య పోయాడు. యుద్ధం ముగిశాక ఆ సంగతి చెప్పడానికే హెక్ గిప్స్‌ల్యాండ్‌లోని మా పాడి పొలానికి వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆ మనిషిని, మా అన్నయ్యను ఆఖరుసారి చూసిన కళ్లు కదా అని చేసుకున్నాను. మొహమాటం దేనికి, ఉన్న మాట అది.

ఎన్నిసార్లు అడిగానో.

"ఆఖర్న ఏమన్నాడు హెక్? అమ్మని తలుచుకున్నాడా? నా గురించి ఏమైనా అన్నాడా?"

"ఏమీ అనలేదు, ఎడ్నా. తూగుతూ కూర్చున్నాడంతే."

మా అమ్మ ఆ మాటే పట్టుకుని, నా బిడ్డ బాధపడకుండా పోయాడని ఊరంతా చెప్పుకుని, ఆ తృప్తితోనే కన్నుమూసింది. నాకు మాత్రం ఆశ చావలేదు. మా అన్నయ్యది ఊరుకునే నోరు కాదు. పాలు పితికేటప్పుడు ఆవుతో కూడా కబుర్లే. అంత దూరం మూగగా కూర్చున్నాడంటే ఎలా నమ్మను?

శనివారం శనివారం గోడ మీంచి ఆ తొడుగు దించి, ఒళ్లో పెట్టుకుని, తోలుకు గొర్రె కొవ్వు రాసేదాన్ని. ఇనుము మెరిసేలా తోమేదాన్ని. కుట్ల సందుల్లో నల్లగా గట్టిపడ్డ మురికి ఉండేది. తలలోంచి హెయిర్‌పిన్ తీసి దాన్ని గోకేదాన్ని. నేను తోముతున్నంతసేపూ హెక్ ఇంట్లో ఉండేవాడు కాదు.

అతనికి ఇంకో అలవాటు. ఎవరినీ కుడి పక్కన నడవనిచ్చేవాడు కాదు. చర్చిలోనూ కుడి చివర, గోడవారనే కూర్చునేవాడు. ఫిరంగుల మోతకు పాపం ఆ చెవి పోయిందనుకుని, నేనెప్పుడూ ఎడమ పక్కనే ఉండి గట్టిగా మాట్లాడేదాన్ని. అతను కాదనలేదు.

మా ఊళ్లో యుద్ధానికి వెళ్లిన సైనికుల పేరిట ఒక హాలు కట్టారు. ఒకరోజు మధ్యాహ్నం రొట్టెల కొట్టు బీస్లీ గారి భార్య మా ఇంటికి వచ్చింది.

"ఎడ్నా, హాల్లో అద్దాల బీరువా పెట్టించాం. మీ ఆయన కాలి తొడుగు ఇస్తే మధ్య అరలో పెడతాం" అంది.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. అప్పుడే కొట్టం నుంచి వచ్చిన హెక్ బకెట్ కింద పెట్టి, "అది ఇవ్వను" అన్నాడు.

"ఏం నాయనా, మీ ఆవులు అంతలా తంతున్నాయా?" అంది ఆవిడ.

హెక్ వెళ్లి తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు. ఆవిడ టీ సగంలో వదిలేసి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. "పరువు తీశావు. అది మా అన్నయ్యని ఆనుకుని వచ్చిన వస్తువు. నలుగురూ చూడాలి!"

"చూడకూడదు."

"మరేం చేస్తావ్, పొయ్యిలో పెడతావా?"

"ఎప్పుడో పెట్టాల్సింది. నువ్వు దాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తోముతుంటే..." బకెట్ కాలితో పక్కకు నెట్టాడు. తరవాత, "క్లెమ్ మాట్లాడాడు" అన్నాడు.

నేను కుర్చీ అతని దగ్గరకు లాక్కుని కూర్చున్నాను.

"బండి మీద చోటు లేదు. దెబ్బలు తగిలినవాళ్లని ముగ్గుర్ని పడుకోబెట్టాం. అందుకని వాణ్ణి గుర్రం ఎక్కించాం. వాడి గాయం ఎడం కాలికి. వాడి ఎడం కాలూ, నా కుడి కాలూ రెండు గుర్రాల మధ్య. అవి ఒరుసుకున్నప్పుడల్లా నా ఇనుము వెళ్లి వాడి గాయానికి కొట్టుకునేది. కట్టు ఊడిపోయి, నెత్తురు ఆగలేదు. 'హెక్, ఆ తొడుగు విప్పరా' అన్నాడు. దారి పొడుగునా అదే మాట. తరవాత అనడం మానేశాడు."

"బండి ఆపలేకపోయావా?"

"వెనకంతా బళ్లు, పైన గుండ్లు. ఆపితే అందరం పోయేవాళ్లం."

ఆ మాట దొరికితే గట్టిగా పట్టుకున్నాను. "మరి ఇందులో నీ తప్పేముంది?"

"ఆపక్కర్లేదు, ఎడ్నా. వంగితే చెయ్యి అందేది. మూడు బకిల్సు, అంతే. విప్పితే నా కాలు నలిగిపోతుందని భయమేసింది."

పొయ్యి మీద కెటిల్ మరుగుతూనే ఉంది. లేచి దించాను. కుట్ల సందుల్లో ఉన్నది ఫ్లాండర్స్ మట్టి అని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ హెయిర్‌పిన్ అప్పటికీ నా తలలోనే ఉంది.

ఆ శనివారం నేను తొడుగు దించలేదు. ఆదివారం చర్చికి బయల్దేరాం. దారిలో నేను చుట్టూ తిరిగి అతని కుడి పక్కకు వచ్చాను. అతను ఎడమకు జరిగాడు. నేనూ జరిగాను. బాట దాటి, గడ్డిలోంచి, ముళ్ల కంచె దాకా అలాగే వెళ్లాం. కంచె తగిలాక అతనికి జరగడానికి చోటు లేకపోయింది. క్షమించానని చెప్పను. ఆ రోజు క్షమించలేదు, ఇవాళ్టికీ తెలియదు. కానీ ఆ మాటలు తప్ప మా అన్నయ్యవి నాకింకేవీ మిగల్లేదు.

"వినిపిస్తోందా?" అన్నాను, గొంతు తగ్గించి.

"వినిపిస్తోంది."

"అయితే ఇంకోసారి చెప్పు. వాడు ఎలా అన్నాడో అలాగే."

హెక్ చాలా దూరం తల వంచుకుని నడిచాడు. చర్చి గేటు దగ్గరకు వచ్చాక, "హెక్, ఆ తొడుగు విప్పరా" అన్నాడు, అచ్చం మా అన్నయ్యలాగే, కొంచెం సాగదీసి.