తొంభై సెకన్ల తర్వాత

కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లోని మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళెవరూ నా సొరుగు చూడకుండా వెళ్ళరు. నేను వెళ్ళనివ్వను. అందులో ఒక మినీడిస్క్ ప్లేయరు, ఇటుకల్లాంటి హార్డ్‌డిస్క్ ప్లేయర్లు రెండు, కారు టేపులో దూర్చడానికి వైరు తోక ఉన్న క్యాసెట్టు ఒకటి, ఎందుకున్నాయో మర్చిపోయిన ఛార్జర్లు పదిహేను ఉన్నాయి. మా ఆవిడ రాగిణి దాన్ని శ్మశానం అంటుంది.

ఒక్కొక్కటీ తీసి చూపిస్తూ ఉపన్యాసం ఇస్తాను. ఈ చక్రం తిప్పి, చెయ్యి జేబులోంచి తియ్యకుండానే పాట మార్చేవాళ్ళం. ఇప్పుడు పాట మార్చాలంటే కళ్ళు కూడా ఫోనుకే అప్పగించాలి. ఇయర్‌ఫోన్లకి వైరు తీసేసి, వాటిని పోగొట్టుకునే సౌకర్యం కల్పించారు. పాట కొనుక్కునే రోజులు పోయాయి, అందరం అద్దెకుంటున్నాం, ఓనరు ఖాళీ చెయ్యమంటే చెయ్యాల్సిందే. ఇక బాగా పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్‌ని అప్‌డేట్ పేరుతో చెడగొట్టడం చూస్తే, పిచ్చి కుదిరింది రోకలి తలకి చుట్టమన్నట్టే ఉంటుంది. ఈ మాట నేను అనడంలో చిన్న ఇబ్బంది ఉంది. ఇరవై ఆరేళ్ళుగా నాకు జీతం వస్తున్నది ఆ అప్‌డేట్లు రాసినందుకే.

ఉపన్యాసం చివర్లో ఎప్పుడూ ఒక క్యాసెట్టు కథ చెబుతాను. ఆ క్యాసెట్టు మాత్రం సొరుగులో లేదు.

రెండు వేల సంవత్సరంలో నేను జార్జియా రాష్ట్రంలోని అల్ఫారెట్టాలో, కన్సల్టెన్సీ వాళ్ళ గెస్ట్ హౌస్‌లో, ఇంకో అయిదుగురితో కలిసి ప్రాజెక్ట్ కోసం ఎదురుచూస్తున్నాను. రాగిణితో నిశ్చితార్థం అయింది, పెళ్ళికి ఇంకా ఎనిమిది నెలలుంది. కాలింగ్ కార్డు గీకి నంబరు కొడితే తణుకులో మామగారు ఎత్తేవారు. ఆయనా నేనూ వానల గురించి మాట్లాడుకునేవాళ్ళం. కార్డు అయిపోయేది.

అలాంటి రోజుల్లో, సెలవు మీద వెళ్ళి తిరిగొస్తున్న మా రూమ్మేట్ శశికాంత్ చేత రాగిణి ఒక క్యాసెట్టు పంపింది. ఆవకాయ సీసా పక్కన ప్రయాణం చేసింది కాబట్టి దాని అట్టకి ఒక మూల నూనె మరక ఉండేది. వాళ్ళ బాబాయి స్టీరియోలో పాటలు పెట్టి, దాని ముందు సెల్స్‌తో నడిచే చిన్న టేప్ రికార్డరు ఉంచి, తనకిష్టమైన పన్నెండు పాటలు రికార్డు చేసింది. ఏడో పాటలో, రెండో చరణం మొదలవుతుండగా కరెంటు పోయింది. స్టీరియో ఆగిపోయింది, సెల్స్ మీద ఉన్న రికార్డరు మాత్రం తిరుగుతూనే ఉంది.

"అయ్యో, కరెంటు!" అంది రాగిణి గొంతు. కాసేపు ఏమీ లేదు. తర్వాత, మొదలుపెట్టిన పాట సగంలో వదిలెయ్యడం ఇష్టంలేనట్టు, మిగతా చరణం తనే పాడింది. రెండో పాదంలో ఒక మాట గుర్తురాక "తానన" అని దాటేసింది. చివర్లో చిన్నగా నవ్వింది.

ఫోటో చూసి, ఒక గంట ఎదురుగా కూర్చుని పెళ్ళికి ఒప్పుకున్నవాణ్ణి నేను. పెళ్ళెప్పుడా అని రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది మాత్రం ఆ చరణం విన్నాకే. కొత్తగా కొన్న కంప్యూటర్లో దాన్ని ఎంపీత్రీ చేసుకుని, ప్లేయర్లో ఎక్కించుకుని, ఉద్యోగానికి వెళ్తూ వస్తూ అదే వినేవాణ్ణి. పెళ్ళయ్యాక మా కరోలా కారు టేపులో తోక క్యాసెట్టు దూర్చి, ప్లేయరు తగిలించి వినేవాళ్ళం. మా అమ్మాయి స్మృతి పుట్టాక కూడా కొన్నేళ్ళు కారులో అదే మోగేది. రాగిణి మళ్ళీ నా ముందు ఎప్పుడూ పాడలేదు. అడిగితే సిగ్గుపడి, "ఉందిగా, అది వినండి" అనేది.

ఈ మే నెలలో మా పెళ్ళికి పాతికేళ్ళు. శనివారం సాయంత్రం పన్నెండు కుటుంబాలని పిలిచాం. అందరి ముందూ ఆ పాట పెట్టాలని నా పథకం. గురువారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, కొత్తగా కొన్న స్పీకర్లు సరిచూసుకుందామని ఫోన్లో ఏడో పాట నొక్కాను. ఎంత శుభ్రంగా వినిపించిందో చెప్పలేను. వీణ తీగ మీద వేలు జారడం కూడా తెలుస్తోంది. రెండో చరణం దగ్గరికి రాగానే నవ్వు ముఖం పెట్టుకుని ఎదురుచూశాను.

కరెంటు పోలేదు. గాయని రెండో చరణం ఎత్తుకుని, ఒక్క మాట మర్చిపోకుండా, చివరి దాకా పాడేసింది.

ఏం జరిగిందో నాకు అర్థం కావడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎందుకంటే అది చేసింది నేనే.

పద్నాలుగేళ్ళ క్రితం ఇక్కడే ఒక చిన్న కంపెనీలో పనిచేశాను. మీ దగ్గరున్న పాటలన్నీ మాకిచ్చెయ్యండి, ఎక్కడినుంచైనా వినండి అనేది మా వ్యాపారం. మీరిచ్చిన గరగరలాడే పాటని మా ప్రోగ్రాము గుర్తుపట్టేది. గుర్తుపడితే దాన్ని తీసేసి, స్టూడియో నుంచి వచ్చిన మంచి కాపీ అక్కడ పెట్టేది. ఆ గుర్తుపట్టే భాగం రాసింది నేను. పాటంతా పోల్చి చూడటం దండగ, మొదటి తొంభై సెకన్లు చూస్తే చాలన్నాను. క్యాసెట్లు నడిచే వేగంలో తేడాలుంటాయి కాబట్టి పాట పొడవు కూడా చూడక్కర్లేదన్నాను. దానికి నాకొక గాజు పలక బహుమతిగా ఇచ్చారు. ఇప్పటికీ నా టేబుల్ మీద ఉంది.

ఆ మీటింగులో ఒక్క మనిషే అడ్డం చెప్పింది. నమ్రత అని, గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన టెస్టరు.

"తేజేశ్వర్ గారూ, తొంభై సెకన్ల తర్వాత పాట వేరేగా ఉంటేనండీ? మా ఇంట్లో ఒక టేప్ ఉంది. పాట మధ్యలో మా తాతయ్య దగ్గుతాడు. అది కూడా డిలీట్ అయిపోతుంది కదా?"

"దగ్గు పోతే మంచిదేగా అమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. "అది నాయిస్. నాయిస్ తీసెయ్యడానికే కదా మనం ఉన్నది. ఎడ్జ్ కేస్ అని రాసి క్లోజ్ చేసెయ్."

ఎడ్జ్ కేస్ అంటే మా భాషలో, లక్షమందిలో ఒకడికి వచ్చే ఇబ్బంది, వాడి ఖర్మకి వాణ్ణి వదిలెయ్యొచ్చు అని. నమ్రత క్లోజ్ చేసింది. అదే వారం నేను సరదాగా, మా ప్రోగ్రాముకి మొదటి ఖాతాదారుగా నా పాటలన్నీ ఇచ్చాను. "స్థలం ఆదా చెయ్యమంటారా?" అని అది అడిగింది, అంటే కంప్యూటర్లో ఉన్న పాత కాపీలు చెరిపెయ్యమంటారా అని. ఆ ప్రశ్న రాసింది కూడా నేనే. సరేనని నొక్కాను.

అసలు క్యాసెట్టు ఏమైందో కూడా గుర్తొచ్చింది. ఈ ఇంట్లోకి మారేటప్పుడు పాతసామాన్లు ఇచ్చేసే పెట్టెలో పడేస్తుంటే, రాగిణి అట్ట మీది నూనె మరక చూసి "ఇది కూడానా?" అంది. "అన్నీ క్లౌడ్‌లో భద్రంగా ఉన్నాయి" అన్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సొరుగు బోర్లించాను. పాత హార్డ్‌డిస్క్ ప్లేయర్లలో ఒకటి ఎప్పుడో చచ్చింది, రెండోదానికి వెడల్పు మూతి ఛార్జరు వెతికి తగిలించాను. గంట తర్వాత తెర వెలిగింది. లోపల డిస్కు గిర్రున తిరుగుతుంటే నా ప్రాణం లేచొచ్చింది. చక్రం తిప్పి, ఏడో పాట నొక్కాను. వీణ తీగ మీద వేలు జారింది. స్థలం ఆదా చేసిన రోజునే దీన్ని కూడా కంప్యూటరుకి తగిలించాను కాబట్టి, శుభ్రమైన కాపీ దీంట్లోకి కూడా వచ్చేసింది. ప్లేయరు ఒళ్ళో పెట్టుకుని గరాజ్ మెట్టు మీద కూర్చున్నాను. యాభై రెండేళ్ళ మనిషికి ఏడుపొచ్చిందంటే నమ్మండి.

శుక్రవారం సాయంత్రం వంటగదిలో రాగిణికి చెప్పాను.

ఆమె చింతపండు పిసుకుతోంది. చేతులు ఆపకుండానే, "తెలుసు" అంది.

"తెలుసా? ఎప్పుడు?"

"పదేళ్ళయింది. స్మృతిని స్విమ్మింగ్‌కి డ్రైవ్ చేస్తుంటే కార్‌లో వచ్చింది. కరెంటు పోతుందని చూశాను. పోలేదు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మీరు ఆ రోజే వెతకడం మొదలుపెడతారు. ఒక్కసారి వింటే మీకే తెలుస్తుంది కదా అనుకున్నాను." చింతపండు పిప్పి పక్కన పెట్టింది. "విన్నప్పుడు మీరే చెప్తారులే అని చూశాను."

కోపంగా అని ఉంటే నయంగా ఉండేది. వచ్చిన ప్రతి అతిథికీ ఆ క్యాసెట్టు కథ చెప్పాను. నూనె మరక దగ్గర ఆగి, కరెంటు దగ్గర గొంతు మార్చి, తానన దగ్గర నవ్వించి మరీ చెప్పాను. పక్క గదిలో కంచాలు సర్దుతూ ఆమె వింటూనే ఉండేది. ఇన్నేళ్ళలో నేను కథ చెప్పానే గాని పాట వినలేదు. పాటలు ఎలా వినాలో ఊరందరికీ చెప్పే శ్రీరంగనీతుల మనిషిని.

"మళ్ళీ ఒక్కసారి పాడవూ?" అన్నాను.

"పార్టీలో ప్లే చెయ్యడానికా?" అంది.

శనివారం పొద్దున మా అమ్మాయి స్మృతి లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చింది. ఇరవై రెండేళ్ళు దానికి. పుట్టింది ఇక్కడే, తెలుగు మాట్లాడుతుంది గాని చివరలు మింగేస్తుంది. మిగతా వంటలన్నీ బయట చెప్పినా, పులిహోర మాత్రం ఇంట్లోనే చెయ్యాలని రాగిణి పట్టుబట్టింది. పెద్ద బేసిన్‌లో అన్నం ఆరబోసి, మోచేతుల దాకా పసుపుతో కలుపుతోంది. స్మృతి కరివేపాకు దూస్తోంది. నేను జీడిపప్పు వేయిస్తున్నాను. నాకూ రాగిణికీ మధ్య రాత్రి నుంచి అవసరమైన మాటలే నడుస్తున్నాయి.

స్మృతి వంటగది స్పీకరుకి ఏదో చెప్పింది. నేను వద్దనేలోపే ఏడో పాట మొదలైంది.

"ఓ మై గాడ్, అమ్మ సాంగ్! కార్‌లో ఎప్పుడూ వచ్చేది కదా" అని అదీ గొంతు కలిపింది. అర్థం సగమే తెలిసినా మాట మాటా పాడుతోంది. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. రెండో చరణం అంచున నేను స్టవ్ తగ్గించి, నేలవైపు చూశాను.

"అయ్యో, కరెంటు!" అంది స్మృతి.

రాగిణి చేతులు ఆగిపోయాయి. అది తణుకు యాస. 'అయ్యో' దగ్గర సాగదీసి, 'కరెంటు' దగ్గర విసుక్కోవడం, అచ్చం పాతికేళ్ళ కిందటి పెళ్ళికూతురి విసుగే. స్మృతి పాటలో భాగంగానే ఆ మాట అని, లెక్కగా కాసేపు ఆగి, చరణం ఎత్తుకోబోయింది. ఆలోపు స్పీకరులో గాయని ముందుకు వెళ్ళిపోయింది.

"వెయిట్. వాట్? నాన్నా, ఇది రాంగ్ వెర్షన్. కరెంట్ పార్ట్ కట్ చేశారు."

"అది పాటలో లేదే తల్లీ" అన్నాను.

"ఉంది! కాలేజ్‌లో అంత్యాక్షరిలో కూడా నేను అలాగే పాడాను. ఎవ్రీవన్ లాఫ్డ్. మా ఫ్రెండ్ ధృవ్ వాళ్ళకి తెలీదు, మా ఇంట్లో ఒరిజినల్ ఉంది అని చెప్పాను. ఎవరు కట్ చేశారు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే అవసరం కూడా లేకపోయింది. "నేనే" అన్నాను.

రాగిణి నవ్వింది. మొదట నవ్వే. తర్వాత మోచేతితో కళ్ళు తుడుచుకోబోతే చెంప మీద పసుపు అంటుకుంది. "పిచ్చిపిల్లా, అంత్యాక్షరిలో కరెంటు పాడావుటే" అంది.

స్మృతి స్పీకరు ఆపేసింది. "అమ్మా, కరెంట్ తర్వాత ఏంటి? నాకు ఫస్ట్ లైన్ వరకే వచ్చు. తర్వాత ఎప్పుడూ డేకేర్ వచ్చేసేది."

రాగిణి నావైపు చూడలేదు. బేసిన్‌లోకి చూస్తూ, అన్నం కలుపుతూ, గొంతు సవరించుకుని రెండో చరణం ఎత్తుకుంది. గొంతు కొంచెం బొంగురుపోయింది. పై స్థాయికి వెళ్ళలేక ఒక చోట కిందికి దిగింది. రికార్డు చేద్దామంటే నా ఫోను పై గదిలో ఛార్జింగ్‌లో ఉంది. తెచ్చుకోవడానికి వెళ్తే వచ్చేసరికి పాట అయిపోతుంది. జీడిపప్పు మాడుతున్నా కలపకుండా, స్టవ్ దగ్గరే నిలబడి విన్నాను.

రెండో పాదంలో ఆ మాట ఆమెకి ఇప్పటికీ గుర్తులేదు. తానన అనే పాడింది.