భయం తూచే కాటా

పిల్లలూ, మా పిన్ని సంగతి మీకు ఇన్నాళ్ళూ చెప్పనే లేదు.

మా అమ్మమ్మ కొండమీద, పారాగ్లైడింగ్ చేసే చోట, కాటా దగ్గర కూర్చునేది. ఎగరడానికి వచ్చినవాళ్ళను తూచి, బరువుకు తగిన రెక్క ఇప్పించడం ఆవిడ పని. పొద్దున్నే కాటా తుడిచి, ముళ్ళు సున్నాకు తెచ్చి, "ఊఁ, ఎవరు ముందు?" అని కేకేసేది. కాటాకు రెండు ముళ్ళు. నల్లది ఒంటి బరువుకు, ఎర్రది భయానికి.

ఎర్రముల్లు పది దాటితే, "కాసేపు కూర్చో నాయనా, మంచినీళ్ళు తాగు" అనేది. తోడు మనిషిని కట్టుకుని ఎగిరే పైలట్‌కు మాత్రం అది రెండైనా చూపించాలి. "భయం లేనివాళ్ళు బకిల్ రెండోసారి చూసుకోరు" అనేది.

పిన్ని ఒంటరిగా వందసార్లు ఎగిరింది. పైలట్ ఉద్యోగం కావాలి. కానీ ఆమె నిలబడితే ఎర్రముల్లు కదిలేదే కాదు. పరీక్షలో రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఉద్యోగం ఇంకొకరికే అన్నారు ఎగరడం నేర్పే మాస్టారు.

మూడో పరీక్ష రోజూ ముల్లు సున్నా మీదే.

"అమ్మా, కాస్త చూసీచూడనట్టు పోవే!"

"కుదరదు."

"భయం రాకపోతే నేనేం చెయ్యను? బజార్లో కొనుక్కు రానా?"

అమ్మమ్మ స్టూలు మీంచి లేచింది. "మాస్టారూ, పరీక్షలో తోడు ఎవరెక్కినా ఒకటేగా?"

"ఒకటేనమ్మా."

"అయితే నేనెక్కుతా."

కాటా దగ్గర కూర్చున్న ఇరవయ్యేళ్ళలో ఆవిడ ఒక్కసారీ ఎగిరింది లేదు. కాటా ఎక్కితే ఎర్రముల్లు తొమ్మిదిన్నర దగ్గర ఆగింది. "పదికి లోపే!" అంది, మెడల్ గెలిచినంత గొప్పగా.

అమ్మమ్మకు పట్టీలు కట్టి, పిన్ని మళ్ళీ కాటా ఎక్కింది. ఆ సన్నటి భుజాల కేసి ఒక్కసారి చూసింది. ఎర్రముల్లు వణికింది. మెల్లగా మూడు దాకా పాకింది. పిన్ని గబుక్కున దిగి, బిగించిన బకిలే మళ్ళీ బిగించింది. తర్వాత ఇంకోసారి.

"వెళ్ళిరండి" అన్నారు మాస్టారు.

పరుగెత్తారు. కాళ్ళ కింద కొండ అయిపోయింది. పైనుంచి ఒకటే కేక. కింద అందరూ గుండెలు చిక్కబట్టుకున్నారు. చెవి ఒగ్గి వింటే అది అమ్మమ్మ నవ్వు.

దిగాక అమ్మమ్మ జుట్టంతా రేగిపోయి ఉంది. "ఇన్నేళ్ళూ ఈ స్టూలు మీద కూర్చుని ఏం వెలగబెట్టానే నేను! ఇంకో రౌండ్ తిప్పు."

"మళ్ళీ తూగాలమ్మా" అంది పైలట్.

ఆ పైలట్ ఆ తర్వాత పాతికేళ్ళు వేలమందిని ఎగరేసింది. ఒక్కరికీ మోకాలు గీరుకుపోలేదు.

మీరూ ఎగరండి, నేను వద్దనను. మీతో ఎవరైనా వస్తామంటే, ముందు వాళ్ళ బకిల్ రెండుసార్లు చూస్తూ ఈ కథ చెప్పండి.