కొంగలరేవు గెడ

పోనీ, ఆయన కాదనే అనుకుందాం. కాకపోతే మొన్న ఫోన్లో అంతసేపు మాట్లాడిన మనిషి గెడ ఊసు ఎందుకెత్తలేదు? చెల్లెలు అనూరాధ మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగాడు. పాతపట్నంలో వాళ్ల పినతండ్రి మనవడికి సంబంధం కుదిరిందని చెప్పాడు. ఈసారి ఎండలు ముందే వచ్చాయన్నాడు. చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకుంటున్న సంగతిని మాత్రం, దారిలో పడుకున్న కుక్కను తప్పుకున్నట్టు, జాగ్రత్తగా తప్పుకున్నాడు. తెలియనివాడైతే అడుగుతాడు. అడగలేదంటే ఏమిటి?

ఆలోచన ఇక్కడికి వచ్చినప్పుడల్లా ధర్మారావుకు ఒకలాంటి తృప్తి కలిగేది. కొబ్బరికాయను చెవి దగ్గర ఆడించి, లోపల నీళ్లున్నాయని తేల్చుకున్నప్పటి తృప్తి. స్కూటరు మీద కొంగలరేవు వెళ్లే దారంతా అతను ఆ కాయనే ఆడిస్తూ వచ్చాడు.

అరసవల్లి గుడి వీధిలో అతనిది పూజాసామగ్రి కొట్టు. తాత పెట్టినది. ఆదివారం దర్శనానికి వచ్చిన జనం మధ్యాహ్నానికల్లా ఏం చేయాలో తోచక లాడ్జీల అరుగుల మీద కూర్చోవడం చూసి, రెండేళ్ల కిందట కొంగలరేవులో పడవ షికారు పెట్టాడు. హంస మెడలున్న పెడల్ బోట్లతో మొదలుపెట్టి, ఈ ఏడు రథసప్తమికి ముందు మోటారు బోటు కూడా దించాడు. కొట్టు తాతది, ఇల్లు తండ్రిది. పడవలు ఒక్కటే అతను తన బుర్రతో పుట్టించినవి. బోటు మీద తన పేరు రాయించుకున్న రోజున, అక్షరాలు ఆరేదాకా రేవులోనే నిలబడ్డాడు.

కొంగలరేవు దగ్గర ఏరు సముద్రంలో కలవబోయే ముందు వెడల్పై, నడుమ ఒక లంకను వదిలి రెండుగా చీలుతుంది. లంక నిండా తుమ్మచెట్లు, వాటి నిండా గూడబాతుల గూళ్లు. వానాకాలం చివర ఎక్కడినుంచో వచ్చి, పిల్లల్ని లేపుకుని, ఎండలు ముదిరాక వెళ్లిపోతాయి. అందుకని ఏటి ఆ భాగాన్ని అటవీశాఖవాళ్లు రక్షిత ప్రాంతం చేశారు. పడవ షికారుకు అనుమతి ఇచ్చారు గాని, కార్తీకంలో రేవుకు కాస్త దిగువన ఎరుపూ తెలుపూ పట్టీలు వేసిన వెదురు గెడ ఒకటి ఏట్లో పాతి, గూళ్లున్నన్నాళ్లూ దాన్ని దాటి పడవ పోకూడదని షరతు పెట్టారు.

గెడ దానంతటది నడవదు. కాని ఈ గెడ నడిచింది. మాఘమాసంలో రేవుకు కూతవేటు దూరంలో ఉన్నది, ఫాల్గుణం వెళ్లేసరికి లంక మొగదల దగ్గర తేలింది. గెడ ఎక్కడుంటే అక్కడిదాకా పడవలు వెళ్లాయి. మోటారు చప్పుడుకు లంక ఈ కొసనున్న పక్షులు గూళ్లు వదిలేశాయి. గుడ్లు కాకుల పాలయ్యాయి. రేంజి ఆఫీసరు వచ్చి చూసి, గెడ ముందుకు జరిగితే పడవలవాడికి తప్ప ఇంకెవరికి లాభమని అడిగాడు. తను జరపలేదని ధర్మారావు కొబ్బరికాయ మీద ఒట్టేసినా ఆయన వినలేదు. ఈ ఉదయం రేవులో అందరి ముందూ విచారణ పెట్టాడు. ఎవరి మీదైనా అనుమానం ఉంటే పేరు చెప్పాలి. కేసు ఆ మనిషి మీదకు పోతుంది. లేదంటే పడవల అనుమతి రద్దు.

అనుమానం ఉంది. ఇరవయ్యేళ్లుగా తెలిసిన మనిషి మీదే ఉంది.

ధర్మారావు భార్య అనూరాధకు అన్నగారైన మోహనకృష్ణ ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం మాస్టారు. మెడలో బైనాక్యులర్లు లేకుండా సెలవురోజున కనిపించడు. ఏట్లో మోటారు తిరగకూడదని నలుగురి చేత సంతకాలు పెట్టించి అర్జీ ఇచ్చింది ఆయనే. ఇచ్చేముందు దాని నకలు తెచ్చి, "నీకు తెలీకుండా ఇవ్వడం నాకిష్టం లేదు బావా" అని కొట్టు గల్లా మీద పెట్టి వెళ్లాడు. అప్పట్లో ధర్మారావు దాన్ని మర్యాద అనుకున్నాడు. ఇప్పుడు అదే అన్నిటికన్నా పెద్ద ఆధారంగా కనిపిస్తున్నది. ఎదురుగా వచ్చి ఒక పని చేసినవాడు చాటుగా ఇంకొకటి చేస్తాడని ఎవరనుకుంటారు? గెడను లంక దాకా జరిపి, పడవలను అక్కడికి రానిచ్చి, పక్షులు లేచిపోతే అర్జీకి బలం వస్తుంది. చదువుకున్నవాడి బుర్ర.

పైగా రేవులో టీకొట్టు కూర్మయ్య కళ్లారా చూశాడు, మాస్టారు పంట్లాం పైకి మడిచి నీళ్లలో దిగి గెడ పక్కన చాలాసేపు నిలబడ్డం. మోటారు బోటు నడిపే గంగుల్ని పట్టుకుని గెడ జరిపిందెవరని అడిగితే, వాడు నెత్తి గోక్కుని, "ఎవులూ జరపలేదు బాబూ. నీళ్లెటెల్తే అటెల్లింది" అన్నాడు. జీతం ఇచ్చే యజమానికి ఇలాంటి జవాబు చెప్పాడంటే వాణ్నీ ఎవరో మంచి చేసుకున్నారన్నమాట. అటవీశాఖ కాపలాదారు నూకయ్య ఎదురుపడి కూడా చూపు తిప్పుకున్నాడు. రేవులో వలలు బాగుచేసుకునే ఆడవాళ్లు అతన్ని చూసి మాటలాపేశారు. ఇంతమంది ఒక్క మాట మీద ఉన్నారంటే ఆ మాట ఎవరో నేర్పి ఉండాలి.

నిన్న రాత్రి అన్నం పెడుతూ అనూరాధ అన్నది మాత్రం లెక్కలో ఎక్కడా ఇమడలేదు. ఆమె కోప్పడలేదు. గరిటె గిన్నెలో పెట్టి, "రేపు నువ్వు అన్నయ్య పేరు సెప్తే ఆడి ఉద్యోగం పోతాది. దాంతో నాకు పుట్టిల్లు పోతాది. సూసుకుని మాట్లాడు" అని, మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లింది.

సూసుకుని మాట్లాడు. అతను చూస్తూనే ఉన్నాడు. అయితే స్కూటరు మట్టిరోడ్డు దిగాక అతనికి ఇంకొకటి కూడా కనిపించింది, అదీ తనలోనే. ఆయన కాదని తేలితే తనకు సంతోషం కలగదు. ఈ నెల రోజులుగా పొద్దున్నే లేచి, దంతధావనం దగ్గరనుంచి ఆ మనిషి చేష్టలు ఒక్కొక్కటే తీసి పేర్చుకోవడం అలవాటైపోయింది. ఎప్పుడో పెళ్లైన కొత్తలో, ఏదో పక్షి గురించి చెబుతూ చెబుతూ మోహనకృష్ణ మధ్యలో ఆగి, "ఇవన్నీ నీకు విసుగులే బావా" అన్నాడు. చెడ్డగా అనలేదు, నవ్వుతూ అన్నాడు. ధర్మారావుకు నిజంగానే విసుగ్గా ఉంది కూడా. అయినా ఆ మాట ఇన్నేళ్లూ చెప్పులో ఇసకరేణువులా ఉండిపోయింది. ఆ నవ్వు తప్పని నిరూపించడానికి ఇప్పుడొక గెడ దొరికింది. ఇలా అనిపించగానే అతను హారన్ కొట్టాడు. దారిలో ఎవరూ లేరు.

రేవులో టార్పాలిన్ కింద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఆఫీసరు కుర్రవాడు, బయటి జిల్లా నుంచి వచ్చి ఏడాది కాలేదు. ఒక పక్క నూకయ్య, గంగులు నిలబడ్డారు. మోహనకృష్ణ కుర్చీలో కూర్చోలేదు. గట్టు అంచున నిలబడి, ధర్మారావు రాగానే తలూపి, మళ్లీ లంక వైపు తిరిగాడు. పక్షుల్ని లెక్కపెడుతున్నట్టుంది, పెదవులు కదులుతున్నాయి. తప్పు చేసినవాడు లెక్కపెడతాడా? చేసినవాడే లెక్కపెడతాడు, ఎన్ని మిగిలాయో అని.

ఏరు బాగా తగ్గింది. పదిరోజుల కిందట పడవ నిలిచిన చోట ఇప్పుడు తడి ఇసక. గెడ కింద కూడా నీరు పలచబడి, ఎండ పడిన పక్క మొదలు బయటపడింది. దాని నడుముకు కట్టిన గుడ్డ వెలిసిపోయి రంగు తెలియడం లేదు.

ఆఫీసరు గెడ మొదట ఎక్కడ పాతిందీ, ఇప్పుడెక్కడున్నదీ అందరికీ చెప్పి, నూకయ్యను నువ్వు కాపలా కాసింది దేన్నని నిలదీసి, తరవాత ధర్మారావు వైపు తిరిగాడు. "మీకెవరి మీదో అనుమానం ఉందని ఫోన్లో చెప్పారు. ఇప్పుడు చెప్పండి."

ధర్మారావు లేచి నిలబడ్డాడు. పేరు నాలుక మీదే ఉంది. ఇన్నాళ్లూ మనసులో ఎంత తేలిగ్గా తిరిగిందో, నోట్లో అంత బరువుగా ఉంది. మోహనకృష్ణ ఇటు తిరగలేదు.

అప్పుడు వలల దగ్గరనుంచి బుజ్జమ్మ లేచింది. రేవులో పెద్దావిడ. వెనక ఇద్దరు ఆడవాళ్లు. ముగ్గురూ కొంగులు నడుముకు దోపుకుని, ఆఫీసరు జీపు పక్కనుంచే నడిచి, నీళ్లలో దిగి, తిన్నగా గెడ దగ్గరకు పోయారు. ఒకామె మొదట్లో ఇసక తోడింది. బుజ్జమ్మ గెడను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపింది. పట్టపగలు, అందరి కళ్లముందూ గెడ ఏట్లోంచి లేచింది.

ఆఫీసరు కేకవేశాడు. గెడను భుజానికెత్తుకోబోతున్న బుజ్జమ్మ ఆగి, ఆయన్ను అర్థంకానట్టు చూసింది.

"ఏటి బాబూ? నీళ్లు దిగిపోయాయి కదా. అమ్మని ఇసకలో నిలబెడతారేటి?"

"ఏ అమ్మ? అది గవర్నమెంటు గెడ."

"మీకు గెడే. మాకు గంగమ్మ. పసుపు రాసి, గుడ్డ కట్టీసినాక, ఏడాది తిరిగేదాకా ఆయమ్మ కాళ్లు ఆరకూడదు. నీళ్లెటు జరిగితే అటు సాగనంపుతాం. కొత్తగా సేస్తన్నామేటి?"

ధర్మారావు కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు.

మోటారు బోటు దించిన రోజు అతనికి వేరే ఎవరో చెబుతున్నట్టు గుర్తొచ్చింది. ఈ రేవులో కొత్త పడవ నీళ్లు తాకితే, పడవగలాయన ఏట్లో కొత్త గెడ పాతి పసుపు రాసి గుడ్డ కట్టాలి. బుజ్జమ్మ ముందే చెప్పింది. గెడ నరకడానికి వెళ్లిన గంగులు ఎంతకీ రాలేదు. ముహూర్తం దాటిపోతున్నది. అరసవల్లి వీధిలో నలుగురికీ ముహూర్తాలు చూసుకోమని చెప్పే మనిషి తన ముహూర్తం తప్పించుకుంటాడా? ఎదురుగా ఎరుపూ తెలుపూ పట్టీలతో, బొట్టు పెట్టుకున్నట్టు, ఒక గెడ నిలబడే ఉంది. ఇది సాలదేటి, గవర్నమెంటే మన కోసం పాతీసింది, అని నవ్వి, తన కొట్లోంచి తెచ్చిన పసుపు తన చేత్తోనే దాని ఒళ్లంతా పట్టించాడు. బుజ్జమ్మ ఒక్క క్షణం తటపటాయించి, సరే నీ ఇష్టం అంది. అందరూ పులిహోర తిన్నారు. పుట్టిన దగ్గర్నుంచి పసుపు తూచి పొట్లాలు కడుతున్న మనిషికి, అది రాస్తే ఏమవుతుందో తోచనే లేదు.

గంగులు అబద్ధం చెప్పలేదు.

మోహనకృష్ణ గట్టు దిగి అతని కుర్చీ పక్కకు వచ్చాడు. ఆఫీసరు బుజ్జమ్మతో వాదిస్తుంటే, గొంతు తగ్గించి, "నేను ఓ రోజు దిగి చూశాను బావా. పసుపు గుడ్డ కనిపించింది. నీ కొట్లో దొరికే రకం. జరిపించింది నువ్వే అనుకున్నాను" అన్నాడు.

"మరి సెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? అనూరాధకా?"

ధర్మారావు ఆయన మొహంలోకి చూశాడు. తను చెక్కుకున్న మొహం అక్కడ లేదు. కళ్ల కింద నల్లగా, నెల రోజులు సరిగా నిద్రలేని మనిషి మొహం ఉంది. తనలాగే పొద్దున్నే లేచి, తన చేష్టలు ఒక్కొక్కటే తీసి చూసుకుంటూ ఉండి ఉంటాడు. అయితే ఆయన ఆ పేరును ఈ రేవుదాకా మోసుకు రాలేదు.

ఆఫీసరు కాగితాలు తీసి, గొంతు పెంచాడు. సరిహద్దు గుర్తును కదిపినందుకు కేసు పెట్టక తప్పదన్నాడు. "దీనికి మొట్టమొదట పసుపు రాసి, ఈ గొడవంతా మొదలుపెట్టింది ఎవరు? ఆ పేరు చెబితే మిగతావాళ్లను వదిలేస్తాను. ఆ మనిషికి సంబంధించిన అనుమతులేమైనా ఉంటే అవి ఈ రోజే రద్దు."

 నూకయ్య తన టోపీ లోపలివైపు చూసుకున్నాడు. గంగులు గడ్డం గోక్కున్నాడు. ఆడవాళ్లిద్దరూ నీళ్లను చూస్తూ నిలబడ్డారు. కూర్మయ్య గ్లాసులు కడగడం ఆపేశాడు. వీళ్లలో ప్రతి ఒక్కరూ ఆ రోజు ఇక్కడే ఉన్నారు, ప్రతి ఒక్కరూ అతని పులిహోర తిన్నారు. ఈ నెలంతా అతన్ని చూసి మాటలాపేసిందీ, చూపు తిప్పుకున్నదీ ఇదే మౌనం. తనకు వ్యతిరేకంగా ఎవరో నేర్పిందనుకున్నాడు. వాళ్లు దీన్ని తన కోసం మోస్తున్నారు.

లంక మీదనుంచి ఒక గూడబాతు బరువుగా లేచి, ఏటి మీదుగా చక్కరుకొట్టి, ఖాళీ కొసన వాలకుండా అవతలికి పోయింది. ఆ ఖాళీని ధర్మారావు మొదటిసారి సరిగా చూశాడు. నెల రోజులుగా దాన్ని చూడవలసి వచ్చినప్పుడల్లా మధ్యలో బావమొహం అడ్డం పెట్టుకున్నాడు. ఆ మొహం తీసేస్తే మిగిలింది తన మోటారు చప్పుడు.

"ఎవరూ చెప్పరన్నమాట" అన్నాడు ఆఫీసరు. కలం మూత తీశాడు. "సరే. గెడ ఈవిడ చేతుల్లో దొరికింది. ఈవిడ పేరే రాస్తాను. నీ పేరేమిటమ్మా?"

బుజ్జమ్మ బెదరలేదు. తడిసిన గెడను రొమ్ముకు ఆనించుకుని, పేరు చెప్పడానికి నోరు తెరిచింది.

ధర్మారావు కుడిచెయ్యి పైకెత్తాడు.